జోలపాట చివరి చరణం ఎవరు విన్నారు?

కవిత్వ చరిత్రను ఉద్ధరిస్తామని కుర్చీలు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులారా! పసిపిల్లల వార్డులో కిటికీ పక్క ఉయ్యాలలో ఉన్న ఆ పిల్ల కంటి మీద కునుకు లేకపోవడానికి బాధ్యులు మీరే. దోమలు కాదు. ఉక్కపోత కాదు. పక్క మంచం మీది దగ్గు కాదు. మీరే. పేరుపేరునా చెప్పొచ్చు గాని, మీకు పేర్ల కన్నా పదవులు పొడుగు, కాగితం చాలదు.

మనిషి మాట నేర్చిన నాటి నుంచీ పాడుతూనే ఉన్నాడు. ఎవరినీ అడక్కుండా పాడుతున్నాడు. ఈ ఘోరాన్ని మొట్టమొదట కనిపెట్టింది ప్రపంచ కవిత్వ చరిత్ర క్రమబద్ధీకరణ శాఖ. (ఆ భవనం ఒకప్పుడు కవిత్వ గ్రంథాలయం. జనం వచ్చి ఊరికే చదువుకుని పోయేవారు. ఆ దుర్వినియోగాన్ని అరికట్టారు.) ఏ దేశంలో పుట్టినా, ఏ భాషలో ఉన్నా, ప్రతి పద్యమూ ప్రతి పాటా శాఖలో నమోదు కావాలి. నమోదైతే చరిత్ర. కాకపోతే చప్పుడు. చప్పుడు చేస్తే శిక్ష.

అప్పటి నుంచి ప్రపంచం నలుమూలల కవిత్వం కిటికీల ముందు వరసలో నిలబడింది. ఒక ద్వీపం వాళ్ళు మూడంటే మూడు పాదాల్లో పద్యం చెప్తారు. దరఖాస్తులో నాలుగు గళ్ళున్నాయి గనక నాలుగోది కూడా రాసుకు రమ్మన్నారు. వదిలేసిన చోటే అసలు విషయం ఉందని వాళ్ళు మొత్తుకున్నారు. ఖాళీ మీద స్టాంపు వేయడం కుదరదన్నారు. ఎడారి వాళ్ళ పద్యాలు, ప్రియురాలి వాళ్ళు గుడారాలు ఎత్తేసి పోయిన చోటు చూసి ఏడవడంతో మొదలవుతాయి. ఆ గుడారానికి నివాస ధ్రువపత్రం అడిగారు. డప్పు మీద కవిత్వం చెప్పేవాళ్ళొస్తే, 'లిపి' అన్న చోట 'తోలు' అని రాయించారు. యుద్ధ కావ్యాలు మరీ పొడుగయ్యాయి, యుద్ధాలు తీసేసి తెమ్మన్నారు. తీసేస్తే వంశవృక్షాలు మిగిలాయి. వంశవృక్షాలు వేరే శాఖ. రాజుల్ని పొగిడిన పద్యాలకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. అన్ని భాషల్లోనూ ఒక్కలాగే ఉన్నాయి గనక అన్నిటికీ కలిపి ఒకటే ఫైలు పెట్టి, రాజు పేరున్న చోట ఖాళీ వదిలారు.

ఈ నిబంధనలన్నిటినీ గోడలకెక్కించినవాడు బోర్డుల పెయింటరు. మంచి పనివాడు. గుండ్రాలు తిప్పడంలో అతని చేతికి తిరుగులేదు. ఏం రాస్తున్నాడో మాత్రం పట్టించుకోడు. అర్థం చూసుకుంటూ రాస్తే గీత వంకరపోతుందని అతని నమ్మకం. 'ఇక్కడ ఉమ్మరాదు', 'ఇక్కడ ఉపమానాలు స్వీకరించబడవు' రెండూ ఒకే శ్రద్ధతో రాశాడు. పసిపిల్లల వార్డు తలుపు మీద 'నమోదు కాని పద్యం, పాట, పదం ఇక్కడ పాడరాదు' అని నీలం రంగులో రాసి, చుట్టూ పూలతీగ కూడా వేశాడు. తీగ వేయమని ఎవరూ అడగలేదు. అది అతని సరదా.

ఆ తర్వాత అతనికి కూతురు పుట్టింది. తొందరపడి ముందే వచ్చేసింది. అరచేతిలో పట్టేంత పిల్ల, గొంతు మాత్రం రైలు కూత. డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "నిద్రపోతే పాలు తాగుతుంది. పాలు తాగితే బరువెక్కుతుంది. బరువెక్కితే ఇంటికి పంపిస్తాను. నిద్రే పోకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సొస్తుంది. తర్వాత సంగతి నన్నడక్కండి."

ఆ వార్డులో పిల్లల్ని నిద్రపుచ్చేది ఆయమ్మ. ముక్కు మీద కోపం, మూత సరిగా పడని గిన్నెలాంటి గొంతు. తన చేతిలో పెరిగిన పిల్లలంతా పెద్దపెద్దవాళ్ళయ్యారని చెప్పుకుంటుంది. (ఎవరని అడిగితే వయసులు చెప్తుంది.) అయినా ఆమె ఉయ్యాల తాడు పట్టుకుని గొంతు సవరించిందంటే ఎంతటి మొండి పిల్లైనా రెప్పలు వాల్చాల్సిందే. పెయింటరు కూతురు కూడా రెండు పూటలు హాయిగా పడుకుంది. మూడో పూట శాఖ నుంచి పాటల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి, తలుపు దగ్గర చెవి పెట్టి విని, ఆ పాట ఏ జాబితాలోనూ లేదని గుర్తించాడు. ఇంకోసారి పాడితే ఉద్యోగం ఊడుతుందని చెప్పి వెళ్ళాడు. ఆయమ్మ నోటికి తాళం పడింది. పిల్ల నోరు తెరుచుకుంది.

"ఆ బోర్డు రాసిన మహానుభావుడెవడో గాని, వాడి చెయ్యి పడిపోను!" అంది ఆయమ్మ, ఉయ్యాల ఉత్తినే ఊపుతూ.

పెయింటరు భార్య మొగుడి వైపు చూసింది. పెయింటరు ఫ్యాను వైపు చూశాడు.

"అక్షరాలు మాత్రం కుదిరాయి కదా ఆయమ్మా," అన్నాడు నోరు జారి.

"ఓహో, తమరేనా!"

"ఈయనే," అంది భార్య. "ఇంటికొచ్చి చెప్పాడు కూడా, ఇవాళ భలే తీగ పడిందే అని. కన్నకూతురి నిద్రకి ఉరితాడు పేనుతూ దానికి పువ్వులు కూడా కుట్టాడమ్మా!"

"నాకేం తెలుసే? ఇచ్చింది రాశాను."

"రేపు నీకు ఉరిశిక్ష రాసిమ్మన్నా రాసిస్తావా?"

"ఎంత సైజులో అని అడుగుతాడు," అంది ఆయమ్మ.

పౌరుషం వచ్చి పెయింటరు తనే పాడబోయాడు. వార్డులో ఉన్న పిల్లలంతా ఒక్కసారి లేచారు. ఇన్‌స్పెక్టరు గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి, కాసేపు విని, ఇది పాట కిందికి రాదు, అభ్యంతరం లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

"ఆ పాటకి అనుమతి తెచ్చేదాకా నాకు మొహం చూపించకు," అంది భార్య.

అలా పెయింటరు ఆయమ్మని వెంటబెట్టుకుని శాఖకు వెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టగానే తన చేతిరాత అతన్ని అన్ని గోడల మీద నుంచీ మందలించింది. వరుసలో నిలబడవలెను. మాట్లాడరాదు. మాట్లాడినచో ప్రాసలో మాట్లాడరాదు. ముందు నిలబడ్డ ప్రేమ పద్యాల కుర్రాడు దిగాలుగా ఉన్నాడు. ప్రేమ కవిత్వం నమోదు కావాలంటే ప్రియురాలి సంతకం కావాలట. ఆమెకు వేరే పెళ్ళైపోయింది. "సంతకం దొరికేదే అయితే ఈ పద్యమెందుకు రాస్తానండీ?" అని అతను కిటికీ లోపలికి తల పెట్టి అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు గడి లేదు.

వంతు వచ్చింది. కిటికీలో గుమస్తా తలెత్తకుండానే మొదలుపెట్టాడు.

"కవి పేరు?"

"ఎవరో నాకేం తెలుసు బాబూ. మా అత్త పాడేది," అంది ఆయమ్మ.

"అత్తగారు కవయిత్రా?"

"రాక్షసి."

"ఆవిడకెవరు నేర్పారు?"

"వాళ్ళత్త. ఆవిడకి వాళ్ళత్త. కోడల్ని సాధించడం, పిల్లల్ని పడుకోబెట్టడం, ఈ రెండూ మా ఇంట్లో అలా వస్తున్నాయి."

గుమస్తా 'కవి: అత్తలు' అని రాసుకున్నాడు. "భాష?"

"సగం మనదే. సగం మా అత్తల పుట్టిళ్ళ భాషలు. ఒక్కొక్కావిడా ఒక్కో చోటి నుంచి వచ్చింది. అందుకే కొన్ని మాటలకి అర్థం నాకూ తెలీదు. 'లూలూ' అంటే ఏంటని మా అత్తనడిగితే 'లూలూ' అంటే 'లూలూ'యే అని మొట్టికాయ వేసింది."

గుమస్తా మొదటిసారి తలెత్తాడు. ఈ విషయం మీద శాఖలో ఇదివరకే కలవరం ఉంది. ఒకరి మొహం ఒకరు చూడని దేశాల నుంచి, ఒకరి మాట ఒకరికి తెలియని భాషల నుంచి జోలపాటలు వచ్చిపడ్డాయి. చూడబోతే ఒక చోట 'జోజో', ఇంకో చోట 'లోలో', మరో చోట 'రోరో', 'నీనీ'. ప్రపంచంలోని తల్లులంతా ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టారని శాఖ గట్టి అనుమానం. మొదట ఎవరు కొట్టారో తేల్చడానికి ఒక విభాగమే పనిచేస్తోంది.

"సరే. పాడండి. రెండుసార్లు పాడాలి. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఉంటేనే అది కవిత్వం."

"ఎవరికి పాడను?"

"ఎవరికేంటి? పాడండంతే."

"పిల్ల లేకుండా జోల ఎలా పాడతాను బాబూ? నీకు పెళ్ళయిందా?"

గుమస్తా విసుక్కుని, గుడ్డలో మూటగట్టి ఉన్న పాత ఫైళ్ళ కట్ట ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీన్ని నేనేం పడుకోబెట్టను? ఇది మీరే ఎప్పుడో పడుకోబెట్టేశారు," అంది. కానీ ఒళ్ళోకి వచ్చినదాన్ని ఊపకుండా ఉండలేని మనిషి. ఊపుతూ ఎత్తుకుంది.

"తాళ్ళు కట్టిన ముద్దులమ్మా
దుమ్ము పట్టిన బుగ్గలమ్మా
నిన్ను తెరిచే నాథుడేడే
నువ్వు లేచే పొద్దు ఏదే..."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమస్తా అంతా రాసుకుని, ఇంకోసారి అన్నాడు. ఈసారి కట్ట కాస్త వదులై ఒక కాగితం బయటికి జారింది. ఆయమ్మ చూసింది. చూసిందే పాడింది. పాటలోకి 'కాలు బయట పెట్టిన గడుగ్గాయి' వచ్చింది, 'చలి తగులుతుందే పిచ్చిదానా' వచ్చింది, మొదటి నాలుగు పాదాల్లో ఒక్కటీ రాలేదు.

"రెండూ ఒకటి కాదు," అన్నాడు గుమస్తా.

"ఎలా ఒకటవుతాయి? అప్పుడు దాని కాలు లోపలుంది!"

"అంటే మీకు పాట రాదన్నమాట."

ఆయమ్మకి నషాళానికంటింది. "నాకు పాట రాదా? ఏడ్చే పిల్లకో పాట, ఎక్కిళ్ళు పెట్టే పిల్లకో పాట. పొద్దున పాడింది సాయంత్రం పనికిరాదు. నిన్న పాడిందే ఇవాళా పాడితే పిల్ల నా మొహాన ఉమ్ముతుంది. మా వార్డులో నీకన్నా తెలివైన పిల్లలున్నారు బాబూ, వచ్చి చూడు!"

పెయింటరు ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగి, గుమస్తాకి చేతులు జోడించాడు. "సార్, నా పిల్ల సార్. పాలు తాగట్లేదు. గొట్టం వేస్తామంటున్నారు. మీ గోడలన్నీ రాసింది నేనే. పెద్దసారుని ఒక్కసారి వార్డుకి రమ్మనండి. పిల్ల ముందు వింటే తెలుస్తుంది."

స్థల పరిశీలన అనే గడి దరఖాస్తులో ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక ఎవరూ వెళ్ళలేదు. అడిగాడు గనక వెళ్ళక తప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ముఖ్య శ్రవణాధికారి, ఉప లయాధికారి, సాక్షిగా కిటికీ గుమస్తా వార్డుకు వచ్చారు. ముఖ్య శ్రవణాధికారి చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతాడు. (ప్రపంచంలోని కవిత్వమంతా వినాల్సిన చెవులు కదా, వృథాగా వాడరు.) ఆయన దూది తీసి డబ్బీలో పెట్టుకున్నాడు. ఉప లయాధికారి దెబ్బలు లెక్కపెట్టడానికి వేలు లేపి సిద్ధంగా ఉన్నాడు. ముగ్గురికీ స్టూళ్ళు వేశారు. పెయింటరు తలుపు చెక్కకి ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల అప్పటికే ఎర్రగా కందిపోయి, పిడికిళ్ళు బిగించి, వార్డు కప్పు లేచిపోయేలా ఏడుస్తోంది. దాని తల్లి ఎన్ని పూటలుగానో వాల్చని తలని మంచం అంచుకు ఆనించింది.

"పాట మొదటి నుంచి చివరిదాకా వినాలి. ముగింపు వింటేనే నమోదు," అన్నాడు ముఖ్య శ్రవణాధికారి.

ఆయమ్మ తాడు పట్టుకుంది. గొంతు సవరించింది.

"గోడ నిండా నాన్న రాత
వార్డు నిండా నీదే కూత
చెవులు తెచ్చీ సార్లొచ్చారు
చేతులు కట్టీ కూర్చున్నారు
వాళ్ళకైనా కునుకు రానీ
వాళ్ళ అమ్మలు లేరు గానీ
లూలూ..."

భార్య రెండో పాదానికే పడుకుంది. ఉప లయాధికారి వేలు నాలుగో దెబ్బ దగ్గర గాల్లో ఆగి, మెల్లగా ఒళ్ళోకి వాలింది. గుమస్తా గోడకి జారబడ్డాడు. ముఖ్య శ్రవణాధికారి 'వాళ్ళ అమ్మలు' అన్న చోట ఒక్కసారి ఉలిక్కిపడి కళ్ళు పెద్దవి చేశాడు. ఆపైన ఆయన గడ్డం ఛాతీ మీద పడింది. పిల్ల పిడికిళ్ళు విప్పింది. పెయింటరు దాన్ని చూశాడు, అమ్మయ్య అనుకున్నాడు, నిలబడే నిద్రపోయాడు.

టీ కప్పుల చప్పుడుకి అధికారులు లేచారు. మొహాలు ఎన్నడూ లేనంత తేటగా ఉన్నాయి. ముఖ్య శ్రవణాధికారి నోటి చివర తుడుచుకుని అడిగాడు.

"ముగింపు ఎవరు విన్నారు?"

ఎవరూ వినలేదు.

"నేను విన్నాను సార్!" అన్నాడు పెయింటరు.

"నువ్వు గురక పెట్టావు," అంది ఆయమ్మ.

"ఆయమ్మా, కాస్త ఊరుకోవమ్మా నీ పుణ్యముంటుంది!"

"అబద్ధమెందుకు? సారూ, ముగింపేంటి? పిల్ల పడుకుంటే ఆపేస్తాను. పడుకున్నాక ఎవరైనా పాడతారా? పడుకోకపోతే పొద్దెక్కేదాకా పాడతాను. మా అత్త కూడా ఇంతే. వాళ్ళత్తా ఇంతే. చివరంటూ ఏమీ లేదు దీనికి."

శాఖలో అలజడి రేగింది. పాత జోలపాటల ఫైళ్ళన్నీ దులిపి చూశారు. మంచు దేశం, ఎడారి, ద్వీపం, కొండ భాషలు, డప్పు భాషలు, ఎక్కడి పాట చూసినా విన్న గుమస్తాలు రాసిన మాట ఒక్కటే: 'చివరి భాగం వినబడలేదు'. మానవజాతి పుట్టినప్పటి నుంచీ అన్ని భాషల్లోనూ పాడుతున్న కవిత్వం ఇదొక్కటే. దీని ముగింపు విన్న శ్రోత ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదు. దీని మీద శాఖ తీసుకున్న నిర్ణయం సూటిగా ఉంది. ముగింపు లేని రచన అసంపూర్తి. అసంపూర్తి రచన ఎంతమాత్రం చెల్లదు. గనక ముగింపు దొరికేదాకా ప్రపంచ భాషలన్నిటిలోనూ జోలపాటలు నిషిద్ధం. (నిద్ర పట్టదని ధ్రువీకరణ పొందిన వ్యక్తి సాక్షిగా దొరికితే పునఃపరిశీలిస్తారు. ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారంతా నిరీక్షణ గదిలోనే పడుకుండిపోయారు.)

ఆ పూట హాయిగా పడుకున్న పిల్ల, లేచి పాలు తాగి, మళ్ళీ మామూలే. డాక్టరమ్మ గొట్టం తెప్పించి బల్ల మీద పెట్టింది. సన్నటి గొట్టం. దాన్ని చూసి పెయింటరు భార్య వచ్చి ఉయ్యాలకి అడ్డంగా నిలబడింది.

అప్పుడే గుమస్తా ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. "ఏమయ్యా పెయింటరూ, నీకే పని. పాత బోర్డు పూర్తిగా చెరిపెయ్యి. పాతది ఉండగా కొత్తది రాస్తే చెల్లదు. కొత్త బోర్డు పూర్తయితేనే నిషేధం అమల్లోకి వస్తుంది. ఇదిగో, 'ఈ వార్డులో జోలపాటలు పాడుట నేరము'. నీలం రంగులోనే."

"తీగ వేయమంటావా?" అని అడిగింది భార్య, మొగుణ్ణి కాదు, గుమస్తాని.

పెయింటరు మాట్లాడకుండా నిచ్చెన వేశాడు. పాత బోర్డు మీద తెల్లరంగు పూశాడు. తీగ పోయింది, పాడరాదు పోయింది. ఆరనిచ్చాడు. నీలం కలిపాడు. కాగితం చూసి, జీవితంలో మొదటిసారి ఏం రాస్తున్నాడో చదువుకుంటూ, 'ఈ వార్డులో జోలపాటలు' అని రాశాడు. గీత ఎక్కడా వంకరపోలేదు. కుంచె కడిగి, తుడిచి, కిందికి దిగాడు.

"ఇదేంటి, ఆపేశావు?" అన్నాడు గుమస్తా.

"నిద్రొస్తోంది సార్. మిగతాది తర్వాత."

"ఇది అసంపూర్తి కదయ్యా!"

"అవును సార్. చెల్లదు."

గుమస్తా ఉత్తర్వు తిరగేశాడు. శాఖ చెప్పిన మాటే, శాఖ స్టాంపుతోనే అతని చేతిలో ఉంది. పాత బోర్డు లేదు, కొత్త బోర్డు కాలేదు. ఈ రెంటికీ మధ్య ఏ నిబంధనా లేని కాస్త జాగా దొరికింది. ఆయమ్మ ఆ జాగాలో చటుక్కున కూర్చుని తాడు పట్టుకుంది.

"ఏం మొగుడివయ్యా," అంది భార్య, కళ్ళు మూతలు పడుతుండగా. "రాయకపోతే ఇంత బాగుంటావని ముందే తెలిస్తే..." ఆ మాట చివర కూడా ఎవరూ వినలేదు.

బోర్డు పూర్తి చేయించడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తలుపు దగ్గర బెంచీ మీద ఉన్నాడు, గురక సన్నగా వినిపిస్తోంది. అతన్ని తీసుకురావడానికి ఉప లయాధికారి వచ్చాడు. అతను బెంచీ రెండో చివర. వరండాలో పోయేవాళ్ళు బోర్డు చదివి, ఈ వార్డులో జోలపాటలు కూడా ఇస్తున్నారు కాబోలని పిల్లల్ని ఎత్తుకుని లోపలికి వస్తున్నారు. గొట్టం బల్ల మీదే ఉంది. దాన్ని ఇంకా విప్పలేదు.

పెద్దమనుషులారా, ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తున్నాను, రాసుకోండి. ఆ నిచ్చెన జోలికి పోవద్దు. ఆ బోర్డులో ఇంకో అక్షరం చేర్చొద్దు. ద్వీపం వాళ్ళ ఖాళీని వాళ్ళకిచ్చెయ్యండి, కుర్రాడి పద్యం కుర్రాడికిచ్చెయ్యండి. ఈరోజే శాఖ మూసేయండి.

తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేయండి. పిల్ల పడుకుంది.